ఇంటి పెద్ద వేలిముద్ర

కారు పందెంలో ఇందుమతి ఆఖరి మలుపు తిరుగుతుండగా తెర మీద మళ్లీ అదే మాట వచ్చింది. "మెమరీ చాలదు. ఆట మూసేయండి."

తెనాలిలోని ఆ ఫ్లాట్‌లో తలుపు, ఫ్రిజ్, ఇడ్లీపిండి పులుపు, అన్నీ ఒక్క కంప్యూటరే చూసుకునేది. మెమరీ చాలనప్పుడల్లా మూతపడేది మాత్రం ఆమె ఆటే.

"ఇవాళ నా ఆట మూయను," అంది ఇందుమతి. ముందు పిండి కాపలా ప్రోగ్రాం ఆపేసింది. "పులిసిందో లేదో నా ముక్కు చెబుతుందిలే." తర్వాత ఫ్రిజ్‌ది ఆపింది. కారు ఇంకా నత్తలాగే కదిలింది. సగం మెమరీ మింగుతున్నదేమిటా అని వెతికితే దొరికింది: ఇంట్లో ఎవరు ఎంతసేపు ఊరికే కూర్చున్నారో రాసుకునే ప్రోగ్రాం. పెట్టించింది ఆమె భర్త.

"దీన్ని ఆపడానికి ఇంటి పెద్ద వేలిముద్ర కావాలి. సీతారావమ్మగారిది," అంది కంప్యూటర్.

గృహప్రవేశం నాడు పాలు పొంగించాక, పెద్దవాళ్ల చేత్తో మొదలుపెట్టాలని తొలి వేలిముద్ర అత్తగారు సీతారావమ్మ చేత వేయించారు. ఆ సంగతి కంప్యూటర్ తప్ప అందరూ మరిచిపోయారు.

ఇందుమతి కేకేసి సంగతి చెబితే సీతారావమ్మ తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "నేను కూర్చున్నది కూడా రాస్తోందా ఇది?"

"నిన్న పదకొండు నిమిషాలు రాసింది అత్తయ్యా. మీరు జపం చేసుకుంటుంటే."

ఆవిడ బొటనవేలు గట్టిగా అదిమింది. కారు రివ్వున దూసుకుపోయింది.

"కాస్త జరుగు," అంటూ సీతారావమ్మ పక్కనే చతికిలబడింది. "నాకూ ఒక కారియ్యి. ఇవాళంతా ఊరికే కూర్చుంటా."