మార్జరీ సంతకం

ఓటెయ్యడానికి వెళ్తే చర్చి హాల్లో ఓటర్ల పుస్తకం నా ముందుకి తిప్పారు. నా భార్య మార్జరీ పోయి రెండు నెలలైనా, నా పేరు కింద ఆమె పేరూ, పోయిన ఎన్నికలో పెట్టిన సంతకమూ అలాగే ఉన్నాయి.

"ఇదెందుకుంది డెలోరిస్? మా ఇంట్లో ఓటేసేది నేనొక్కణ్ణే. ఆవిడకి రాజకీయాలంటేనే తలనొప్పి."

బల్ల దగ్గరున్న డెలోరిస్ కళ్లద్దాలు పైకి తోసుకుంది. "భలేవాడివే వెర్నన్! ప్రతి ఎన్నికకీ వచ్చేది. నువ్వు వేసి వెళ్లాక వచ్చేది."

పక్కనున్న మా అమ్మాయి ఫేయ్ తల దించుకుంది.

"నీకు తెలుసా?"

"నేనే కార్లో తీసుకొచ్చేదాన్ని నాన్నా."

"ఎవరికేసేదే?"

"నువ్వు తిట్టేవాళ్లకి."

నాకు ఒళ్లు మండింది. "నలభై ఏళ్ల కాపురం! నాకొక్క మాట చెబితే ఏం పోయేది? మింగేస్తానా?"

"ఆ పార్టీ స్టిక్కరు కారుకి అంటించుకున్నాడని, ఆరేళ్ల కిందట థాంక్స్‌గివింగ్ పండగ నాడు, భోజనాల బల్ల మీద టర్కీ కోడి కొయ్యకముందే తమ్ముణ్ణి బయటికి గెంటావు. వాడు మళ్లీ మన గడప తొక్కలేదు. ఆ రోజు అమ్మ నోరెత్తలేదు, గుర్తుందా?"

గుర్తుంది. ఆవిడ నా పక్షమేనని ఆరేళ్లుగా ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాను.