పన్నెండు ఐసు దిమ్మలు

విమానం కంపెనీల పేరెత్తితే ఫణీంద్రకి ఒళ్లు మంట. వాటిమీద ఫిర్యాదు రాయించుకోడానికి వచ్చేవాళ్లన్నా అంతే మంట.

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా అతని ఆన్‌లైన్ సెంటరు. ఆధార్, పాన్ కార్డుల వాళ్లు ఎలాగూ వస్తారు. ఈ మధ్య విమానం రద్దయినవాళ్లూ వస్తున్నారు. పోయినేడు ఒక జీడిపప్పు వ్యాపారికి టికెట్ డబ్బుతో పాటు హోటల్ ఖర్చు కూడా కక్కించాడు. దాంతో పలాస నుంచి టెక్కలి దాకా అతనికి పేరొచ్చింది. పేరుతో పాటు నోరూ పెరిగింది.

"విమానం ఆపేసి, చింతిస్తున్నామని మెయిలు పెడతారు. వీళ్ల చింత ఎవడిక్కావాలి? చింతపండైతే పులుసులోకైనా వేసుకుందుం" అంటుంటాడు.

ఆ రోజు మంచినీళ్లపేట నుంచి కన్నయ్య వచ్చాడు. యాభై దాటిన మనిషి. సముద్రంలో వేటాడి బతికేవాడు. చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవరు బల్లమీద పెట్టాడు.

"నానూ మా తమ్ముడూ మద్రాసు నుంచి ఇశాపట్నం రావాల బాబూ. తీరా యెల్లినాక విమానం నేదన్నారు. రెండ్రోజులు పోయినాక ఎక్కిత్తామన్నారు. అన్నాళ్లు ఆగనేం గదా. వేను మాటాడుకుని రోడ్డంట వచ్చీసినాం."

"ఆగడానికేటి మావా? కంపెనీ వోళ్లని గట్టిగా అడిగితే రూమిత్తారు. ఏసీలో పడుకుని, ఆళ్ల డబ్బుల్తో తిని, తాపీగా రావొచ్చు."

కన్నయ్య కవరు అతనివైపు జరిపి, లెక్క చెప్పాడు.

వ్యాను బాడుగ నలభై రెండు వేలు. ఆ డబ్బుకోసం కన్నయ్య తన వల తాకట్టు పెట్టాడు. ఇంకో పది రోజుల్లో వేట నిషేధం తీరిపోతుంది. ఊళ్లో పడవలన్నీ కడలిలోకి దిగుతాయి. డబ్బిస్తామని కంపెనీ నుంచి ఒక్క కాగితం వచ్చినా చాలు, వల ఇచ్చేస్తానన్నాడట షావుకారు. రాకపోతే కన్నయ్య ఒడ్డున కూర్చుని మిగతావాళ్ల పడవలు లెక్కపెట్టుకోవాలి.

ఇదంతా విని ఫణీంద్ర లోపల్లోపలే నవ్వుకున్నాడు. వల తాకట్టు పెట్టుకునే బతుక్కి విమానం ప్రయాణమొకటి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందని ఊరికే అన్నారా అనుకున్నాడు. రైళ్లు లేవా, జనరల్ పెట్టెలు లేవా?

కవరులోంచి కాగితాలు తీశాడు. విమానం టికెట్ ఒకటే ఉంది. తమ్ముడిది ఎక్కడో పారేసి ఉంటారు, వీళ్ల జాగ్రత్త తనకి తెలియంది కాదు. ఖర్చుల జాబితా కన్నయ్య కూతురు అమ్ములు గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది.

"భోజనం ఒక్కరిదే రాసేరేటి? మీ తమ్ముడు తిన్లేదా?"

"తిన్నేదు బాబూ."

రెండు భోజనాలని రాసుకుంటే ఎవడు చూడొచ్చాడు? దొంగలెక్క రాయడం కూడా రాని మనుషులు. ఫణీంద్ర నిట్టూర్చి, తర్వాతి వరుసలోకి వెళ్లాడు. అక్కడ ఆగిపోయాడు.

ఐసు దిమ్మలు పన్నెండు. మద్రాసులో నాలుగు, నెల్లూరులో నాలుగు, రాజమండ్రిలో నాలుగు. ఐసు కరక్కుండా ఊక రెండు బస్తాలు. మొత్తం మూడు వేలు.

జాబితా వెనక కార్గో రసీదు ఒకటి పిన్ను చేసి ఉంది. అంతా ఇంగ్లిషు, చీమతలకాయంత అక్షరాలు. అది చదివే ఓపిక అతనికి లేదు. బరువు మాత్రం చూశాడు. నూట నాలుగు కిలోలు.

ఇంకేముంది, సంగతంతా తెలిసిపోయింది. చందువాలో, రొయ్యలో. మద్రాసులో చవగ్గా దొరికాయి కాబోలు. పెట్టెకెత్తి విమానంలో వేశారు. విమానం ఆగిపోయేసరికి సరుకు కుళ్లిపోతుందని వ్యాను కట్టుకుని పరుగెత్తుకొచ్చారు. అందుకే రెండ్రోజులు ఆగలేకపోయారు.

"మావా, నీ మంచికే సెప్తన్నాను. ఈ ఐసు తీసేద్దాం" అన్నాడు ఫణీంద్ర. "ఇది చూస్తే కంపెనీ వోళ్లు నవ్వుతారు. నవ్వి, మొత్తం అప్లికేషనే పక్కన పడేత్తారు. అప్పుడు వేను డబ్బులూ రావు, నీ వలా రాదు."

కన్నయ్య తల అడ్డంగా ఊపాడు.

"బోజనం కొట్టీ బాబూ. ఆటో కొట్టీ. ఐసు మట్టుకు ఉండనీ."

"మూడు వేలకోసం నలభై రెండు వేలు పోగొట్టుకుంటావేటి?"

"పోతే పోనీ. ఆళ్ల విమానం సరిగ్గా ఎగిరుంటే ఆ ఐసు నానెందుకు కొందును? అది ఆళ్లే ఇవ్వాల."

"పది రోజుల్లో వేటకెళ్లాలన్నావు. వల మీద ఆశ నేదా?"

"ఉంది బాబూ. అదే మా కూడు. అయినా ఐసు రాయాల్సిందే."

వెనక వరుసలో నిలబడ్డవాళ్లు తొంగి చూస్తున్నారు. ఫణీంద్రకి కోపం వచ్చింది. చదువురానివాడికి తను ఇంతసేపు నచ్చజెప్పడం, వాడు వినకపోవడం. అందరికీ వినబడేలా గొంతు పెంచాడు.

"సముద్రం పక్కనుండి, మద్రాసు నుంచి చేపలు మోసుకొచ్చిందే వింత. ఆ చేపలు చల్లగుండడానికి ఐసు కూడా విమానం వోళ్లే కొనివ్వాలా?"

వరుసలో ఇద్దరు ముగ్గురు పకపకా నవ్వారు.

కన్నయ్య నవ్వినవాళ్ల వైపు చూడలేదు. జాబితాని తనవైపు తిప్పుకుని, అక్షరాలు రాకపోయినా, కూతురు చూపించిన గుర్తుతో ఐసు ఉన్న వరుస మీద వేలు పెట్టాడు.

"సేపలు కావు బాబూ, ఆ ఐసుండబట్టే మా యమ్మకి తమ్ముడి ఆకరి సూపు దక్కింది."