స్ప్రింగు తీసేసిన గేటు

ముసలాయన గేటు తెరిచి వదిలాడు. అది సగం దూరం వచ్చి ఆగిపోయింది.

"చూశారా బాబూ, దానంతటది మూసుకోవట్లేదు."

"చూశాను సార్," అన్నాడు ఇంటాయన, ఆవులింత ఆపుకుంటూ.

ఇంటాయనా, భార్యా ఈ పాత ఇల్లు కొని పెరడు తవ్విస్తుంటే, మట్టి కింద స్విమ్మింగ్ పూల్ బయటపడింది. నక్క తోక తొక్కామని మురిసిపోయారు. మట్టంతా ఎత్తించి నీళ్లు నింపారు. చుట్టూ కంచె, గేటు కట్టించి తనిఖీకి మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టారు.

వారం తిరక్కుండా ఈ ముసలాయన కొలత టేపు జేబులో వేసుకుని వచ్చాడు.

"ఆఫీసు నుంచేనా?" అని అడిగితే ఔననలేదు, కాదనలేదు.

"మట్టి ఎత్తడం చూశాను. గేటు చూడాలి," అన్నాడు.

టేపు జేబులోనే ఉంది. తన తొడ దగ్గర చెయ్యి పెట్టి ఎత్తు చూపించాడు.

"రెండున్నరేళ్ల పిల్ల ఇంతుంటుంది. చెయ్యెత్తితే గొళ్లెం అందేస్తుంది."

"మా చిట్టి నీళ్లంటేనే ఆమడ దూరం పారిపోతుంది సార్. స్నానం అంటే చాలు, ఇల్లు పీకి పందిరేస్తుంది."

"ఆ పూలకుండీ కూడా జరపండి. ఎక్కుతారు."

వంటింటి కిటికీలోంచి ఇల్లాలు నవ్వింది.

"పోనీ, పిల్లని తాడేసి కట్టేయమంటారా పెద్దాయన గారూ?"

ఆయన నవ్వలేదు.

ఆ పోరు పడలేక ఇంటాయన కుండీ జరిపాడు, గేటుకు స్ప్రింగు వేయించాడు. గొళ్లెం సంగతి రేపు చూద్దాం అనుకున్నాడు.

స్ప్రింగుతో కొత్త తంటా వచ్చింది. ఇంటాయన పూల్‌లో ఆకులు తీయడానికి వెళ్లొచ్చినప్పుడల్లా గేటు ధన్‌మని మూసుకునేది. చిట్టి ఉలిక్కిపడి లేచేది.

"ఏవండీ, దాన్ని నిద్రపుచ్చేసరికి నా తల ప్రాణం తోకకొస్తోంది. ఆ స్ప్రింగు తీసి పారేయండి!"

తీసేశాడు.

రెండోసారి వచ్చిన ముసలాయన గేటు చూసి మెట్టు మీద కూలబడ్డాడు.

"స్ప్రింగు ఏదమ్మా?"

"పాప నిద్ర చెడుతోందండీ."

"చెడనివ్వమ్మా. లేచి ఏడుస్తుంది, అంతేగా." ఇంటాయన వైపు తిరిగాడు. "బాబూ, మీకో మాట చెప్పాలి. ఈ పూల్..."

"ఎన్నిసార్లు చెప్తారు సార్? రాసుకునేదేదో రాసుకుని వెళ్లండి!" ఇంటాయన తలుపు వేసేశాడు.

ముసలాయన మెట్టు మీంచి లేచాడు. గేటు దగ్గరకు లాగి, గొళ్లెం పెట్టి, రెండుసార్లు కదిపి చూసి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇంటాయన ఆకులు తీస్తుంటే లోపల ఫోన్ మోగింది. వెనక్కి చూడకుండా గేటు నెట్టేసి ఇంట్లోకి వచ్చాడు.

చిట్టి పక్కనే పడుకున్న తల్లికి కన్నంటుకుంది.

మెలకువ వచ్చేసరికి పక్క ఖాళీగా ఉంది. పెరట్లో గేటు సగం తెరిచి ఉంది.

ఆ రోజు నుంచి ఆ మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఏ మాటా ఆ దుఃఖాన్ని తగ్గించలేకపోయింది.

వారం తర్వాత ఒక ఆఫీసరు ఫైలుతో వచ్చాడు.

"ఘోరం జరిగింది. మేము తనిఖీకి రాకముందే నీళ్లెలా నింపారండీ?"

"మీ పెద్దాయన రెండుసార్లు వచ్చారుగా?" అన్నాడు ఇంటాయన నీరసంగా.

"మా ఆఫీసులో పెద్దాయన ఎవరూ లేరే!"

ఆఫీసరు ఫైలు తెరిచాడు. అడుగున ఆ ఇంటి పాత కాగితం ఒకటుంది. పూల్‌ని మట్టితో పూడ్చుకుంటామని ఎప్పుడో పెట్టుకున్న అర్జీ.

దాని మీద అంటించిన ఫోటోలో ముసలాయనే ఉన్నాడు, ఇంకా తల నెరవకుండా.

కారణం అన్న చోట వంకర అక్షరాలతో రాసి ఉంది: "గేటు వేయకుండా వచ్చింది నేనే. మా పాపకు రెండున్నరేళ్లు."