చెత్తకు అప్పగింతలు

కోడి ఈకల మధ్య కొరియర్ కవరు కనబడగానే గౌతమికి ఏడుపొచ్చినంత పనైంది. ఆనందంతోనే లెండి. మూడు నెలలుగా ఆమె వెతుకుతున్నది ఇలాంటి కాగితం ముక్క కోసమే.

నర్సీపట్నంలో ఆమె వార్డు శానిటేషన్ సెక్రటరీ. ఊరి చివర కాలవ గట్టు ఆమె వార్డులోకే వస్తుంది. అక్కడ చెత్త వెయ్యొద్దని బోర్డు పెట్టింది, దండం పెట్టింది, జరిమానా అని బెదిరించింది. జనం ఆ బోర్డుకే సంచులు తగిలించి పోయారు. చివరికి కమిషనర్ గారు మెమో చేతిలో పెట్టారు. ఈ వారంలోగా ఒక్కడినైనా పట్టుకోకపోతే ఆమె ప్రొబేషన్ ఖరారు కాదు. ఇంట్లో ఆమె జీతం తప్ప మరో ఆధారం లేదు.

పట్టుకుంటే ఏం చేయాలో కూడా కమిషనర్ గారే కనిపెట్టారు. సంచిలో పేరు దొరికితే, ఆ చెత్తను ఉన్నదున్నట్టు బండెక్కించి, డప్పు కొట్టుకుంటూ వెళ్లి, వేసినవాడి గుమ్మంలోనే దించి రావాలి. వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలి. పక్క వార్డుల్లో ఇప్పటికే నలుగురికి ఈ మర్యాద జరిగింది. ఊరు దీనికి ‘అప్పగింతలు’ అని పేరు కూడా పెట్టేసింది. పేర్లు పెట్టడం మనవాళ్లకు ఒకరు నేర్పాలా!

కవరు మీద పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. బి. సింహాచలం, మాకవరపాలెం.

“ఆ ఊరోడు ఇంత దూరమొచ్చి మన గట్టు మీద పారేసినాడేటమ్మా!” అంది పారిశుద్ధ్య కార్మికురాలు సోమలమ్మ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. “అడుగుదాకా కెలకమంతారేటి?”

“వద్దు సోమలమ్మా. పేరు దొరికింది, చాలు. సంచి మూతి కట్టెయ్.”

“మన ఊరోడు కాదు గదమ్మా. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? మామూలు సెత్తలో కలిపీసి ఎలిపోదాం.”

“మెమో ఇచ్చింది కత్తిపీటకే. పద.”

డప్పు జోగులు చెత్త ఆటో వెనక ఎక్కాడు. బండి బయల్దేరిందే గానీ, ఆ రోజు ఊరు దాటడం అంత తేలిక కాదు. ముందురోజు ఆదివారం, మూసి ఉన్న బంగారం కొట్టుకు వెనక నుంచి కన్నం వేశారెవరో. ప్రతి రోడ్డు మీదా పోలీసులే. పాల క్యాన్లు వంచి చూస్తున్నారు. బస్సు దించి ఆడవాళ్ల టిఫిన్ క్యారేజీలు కూడా విప్పిస్తున్నారు.

మాకవరపాలెం రోడ్డులో ఎస్సై బండి ఆపాడు. “ఏటిది? దింపి ఇప్పండి.”

గౌతమి సంచికి అడ్డం నిలబడింది. “ఇది సాక్ష్యం సార్. ఇక్కడ విప్పి కెలికితే, వాడు నాది కాదంటాడు. నా ఉద్యోగం దీని మీదే ఉంది. కావాలంటే వాసన చూడండి. కుళ్లిన కోడి పేగులు.”

ఎస్సై ఒక అడుగు ముందుకేసి మూడడుగులు వెనక్కి వేశాడు. గౌతమి అంతటితో ఊరుకుంటే గౌతమి ఎలా అవుతుంది? వాడు గొడవకి దిగితే మేమేం చేస్తాం, ఒక కానిస్టేబుల్ని తోడివ్వండి అంది. ముందు ఆ బండి తన ముక్కు ఎదట నుంచి కదిలితే చాలనుకున్న ఎస్సై ఒకరిని పంపేశాడు. ముందు పోలీసు మోటారుసైకిలు, మధ్యలో చెత్త సంచి, వెనక డప్పు. పెళ్లికొడుక్కి కూడా అంత వైభవం ఉండదు.

డప్పు మోతకి వీధంతా బయటికొచ్చింది. సింహాచలం లుంగీ సర్దుకుంటూ వచ్చి, కొట్లాడతాడనుకుంటే, రెండు చేతులూ జోడించాడు.

“తప్పయిపోనాది మేడమ్. గడ్డి తిన్నాను.”

జరిమానా అక్కడికక్కడే కట్టాడు. సోమలమ్మ సంచి పట్టుకోబోతే అడ్డం వచ్చాడు. “నా సెత్త మీరెందుకు మొయ్యాలమ్మా? ఒగ్గీయండి, నాను మోసుకుంతాను.” అంత కంపులోనూ ముఖం చిట్లించకుండా రెండు చేతులతో ఎత్తుకుని లోపల పెట్టుకున్నాడు. ఎండలో వచ్చారని అందరికీ మజ్జిగ కూడా ఇచ్చాడు.

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. దొరికాక కూడా ఇంత దొరలా ఉన్నవాడిని గౌతమి ఎక్కడా చూడలేదు. పాపం, నలుగురిలో పరువు తీశామే అని ఆమెకు జాలి కూడా వేసింది.

సాయంత్రానికి వీడియో ఊరంతా తిరిగింది. కమిషనర్ గారు స్వయంగా ఫోను చేసి మెచ్చుకున్నారు, మెమో వెనక్కి తీసుకుంటానన్నారు. గౌతమి ఇంటికి అరకేజీ కాజాలు పట్టుకెళ్లింది.

మర్నాడు పొద్దున్నే ఎస్సై ఫోను చేశాడు.

“మేడమ్, ఆ వీడియో బేగి తీసెయ్యండి. అందులో మా కానిస్టేబులు కనిపిస్తన్నాడు.”

గౌతమికి ఒళ్లు మండింది. “చెత్త బండి ముందు వెళ్తే పోలీసుల పరువు పోయిందా సార్? అది ప్రభుత్వం పని. కమిషనర్ గారే అందరికీ పంపారు. తియ్యను.”

అవతల తలుపు వేసుకున్న చప్పుడైంది.

“పరువు గురించి కాదు మేడమ్. బంగారం కొట్టు దొంగల్లో ఒకడు యలమంచిలి రైలు స్టేషన్లో దొరికినాడు. రెండోవాడు, మీ సింహాచలం, సరుకుతో రైలెక్కీసినాడు. అన్ని చెకింగులుండగా ఊరెలా దాటించార్రా అని గట్టిగా అడిగితే...” ఎస్సై గొంతు బాగా తగ్గించాడు. “‘మాం దాటించలేదు సార్, అడ్రసు పెట్టి గట్టు మీద ఒగ్గీసినాం, మీరే డప్పు కొట్టుకుంటూ ఇంటికి తెచ్చిచ్చినారు’ అంతన్నాడు.”