నీళ్ళలో తేలిన పట్టీ

“ఇదెవరిదే?” నీళ్ళలోంచే చెయ్యెత్తి అడిగింది నోలీన్. నీళ్ళలో వ్యాయామానికి పట్టుకునే తేలే స్పాంజి కడ్డీకి అతుక్కుని వచ్చిన, ప్లాస్టరు లాంటి పట్టీ ఒకటి ఆమె వేలికి వేలాడుతోంది. తపాలా బిళ్ళంత ఉంది.

ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన గ్లెనిస్ ఇట్టే పోల్చేసింది. “ఈస్ట్రోజన్ పట్టీ, ఆడ హార్మోను. ముట్లుడిగాక ఆవిర్లు తగ్గడానికి తుంటి మీద అంటించుకుంటారు.”

నోలీన్‌కి ప్రాణం లేచొచ్చింది. మూడేళ్ళుగా ఒళ్ళంతా ఆవిర్లు, కంటిమీద కునుకు లేదు. హార్మోను మాత్రలిమ్మంటే గుండె డాక్టరు ససేమిరా అన్నాడు. “గుండెలో స్టెంటు పెట్టుకుని ఆ కోరికలేమిటమ్మా? పట్టీ సంగతి శుక్రవారం వస్తే చూద్దాం,” అన్నాడు. ఈలోగా అది వాడుతున్న మనిషి దొరికితే ఒక్కటే అడగాలనుంది ఆమెకి: నీ గుండె ఎలా ఉందని.

ఆ ఊరి ఈతకొలనుకి గురువారాలు వచ్చేది పదిమంది ఆడవాళ్ళు, ఒక్క మగపురుగు. ఆడవాళ్ళని వరసపెట్టి అడిగేసింది.

“నాదా? నాకవన్నీ ఉడిగి పదేళ్ళైంది తల్లీ!” అంది రేలీన్. “అయినా నీకెందుకే ఆ పిచ్చి? మా అక్క ఆ మాత్రలు మింగే కాల్లో గడ్డ తెచ్చుకుంది.”

“మాత్ర వేరు, ఇది వేరు,” అంది గ్లెనిస్. “మాత్ర కాలేయం మీదుగా పోతుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఇది చర్మంలోంచి పోతుంది కాబట్టి ఆ భయం తక్కువంటారు. అలాగని అందరికీ పడాలని లేదు.”

గట్టు మీద ఆ ఒక్క మగమనిషి క్లైవ్ తువ్వాలు దులుపుతున్నాడు. అది మూడోసారి. బల్ల కింద కూడా వంగి చూశాడు. బైపాసు అయ్యీ కాకముందే ప్రోస్టేట్ కేన్సరు వచ్చి పడినా, రెంటికీ లొంగకుండా నవ్వుతూ తిరిగే మనిషి.

“ఏం పోయిందోయ్?” అరిచింది రేలీన్.

“కళ్ళజోడు.”

“నెత్తి మీదుంది చూసుకో!”

అందరూ గొల్లుమన్నారు. క్లైవ్ కూడా నవ్వి, చేతిలోని కాగితంతో విసురుకున్నాడు. దక్షిణార్ధగోళంలో జూలై అంటే నడి చలికాలం, బయట గడ్డి మీద మంచు పేరుకుంది. ఈయనకేమో ఉక్క! పైగా నీళ్ళలోకి దిగినా ఆ వదులు చొక్కా విప్పడు. “సిగ్గేమిటయ్యా పెళ్ళికొడకా!” అని రేలీన్ ప్రతివారం ఏడిపిస్తూనే ఉంటుంది.

టీ ఫ్లాస్కుల దగ్గర మళ్ళీ అడిగింది నోలీన్. ఆడవాళ్ళందరూ తల అడ్డంగా ఊపారు.

“చెప్పుకోడానికి సిగ్గేమో, వదిలెయ్యవే,” అంది గ్లెనిస్.

“సిగ్గుపడాల్సిన పనేముంది?” నోలీన్ కప్పు కింద పెట్టేసింది. “రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, నాకు భయమేస్తోందే. నిద్ర లేక చస్తానో, నిద్ర కోసం ఆశపడి చస్తానో తెలీడం లేదు. నాలాంటి గుండె ఉన్నవాళ్ళు ఒక్కరు, ఒక్కరు చెప్తే చాలు.”

క్లైవ్ లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఏడాదిన్నరగా గుండె పేచీ పెట్టలేదు. నీకు పడుతుందో లేదో మాత్రం రేపు డాక్టరే చెప్పాలి,” అన్నాడు.

“ఎవరి గుండె క్లైవ్? నీకెలా తెలుసు?”

అతను పట్టీ కోసం అరచెయ్యి చాపాడు.

“ప్రోస్టేట్ కేన్సరుకీ ఈ హార్మోనే ఇచ్చారు, అది నాదే.”