ఇంకొక్క కారు

కారు కదలబోతుండగా ఒక కొత్త మనిషి పరుగున వచ్చి తలుపు పట్టుకున్నాడు.

చొక్కా నిండా దుమ్ము. చంకలో గుడ్డసంచి. మొయినాబాద్‌లో అప్పుడే బస్సు దిగినట్టున్నాడు.

“ఇది స్వామిదాసు గారి కారేనాండీ?”

స్టీరింగు ముందున్న స్వామిదాసు ఉలిక్కిపడ్డాడు. ఆ మాట తీరు ఈ ఊరిది కాదు.

అరవై తొమ్మిది వేసవి అది, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. రోజూ ఎక్కడో ఒకచోట బందు, ఎక్కడో ఒకచోట లాఠీలు. ఎదురుగా ముత్తమ్మ చాయ్ హోటల్ గోడ మీద ఎవరో తారుతో ‘గో బ్యాక్’ అని రాశారు.

స్వామిదాసు భయం మాత్రం వేరే.

కిరాయికి తిప్పుకొని బతుకుదామని ఉన్న చెలక భూమి అమ్మి ఆ కారు కొన్నాడు. కొన్ననాటి నుంచి ఎత్తు ఎక్కితే చాలు, ఆగిపోతుంది. చల్లారితే మళ్ళీ నడుస్తుంది. పట్నంలో అమ్మినవాళ్ళు చదును రోడ్డు మీద తిప్పి చూసి, నీకు నడపడం రాదని నవ్వి పంపేవారు.

ఒకసారి నొప్పులు పడుతున్న ఆడమనిషిని దవాఖానకు తీసుకుపోతుంటే దారిలో ఆగింది. ఆమెను దించి ఎడ్లబండి ఎక్కించారు. అప్పటి నుంచి ఆ కారును పిలిచేవాళ్ళే లేరు.

స్వామిదాసు గోడు పేపరుకెక్కాక గాని కంపెనీ కదల్లేదు. తమ ఇంజినీరు వికారాబాద్ పోతూ ఈ రోజు చేవెళ్ళ బంగళాలో ఆగుతాడని, కారు అక్కడికి తెమ్మని కబురు పెట్టింది. ఆ సంగతీ పేపర్లో పడింది. తప్పు కంపెనీదేనని ఆయన రాస్తే వేరే కారు ఇస్తారు. లేదంటే ఆ మాట ఇక ఎవరూ వినరు.

తోడుగా వస్తున్న పొరుగింటి సంగయ్య కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఉద్యమంలో తిరిగిన ఆయన కొడుకు జైల్లో ఉన్నాడు.

“సర్కారోళ్ళా మీరు?”

ఇక్కడ సర్కారోళ్ళంటే సముద్రం దిక్కు జిల్లాల వాళ్ళు. వచ్చినాయనకు మాత్రం ప్రభుత్వమే తోచింది.

“అబ్బే, కాదండీ. సర్కారుకీ నాకూ ఏ సంబంధమూ లేదండీ.”

సంగయ్య ముఖం మాడిపోయింది.

“నోరు తెరిస్తేనే తెలుస్తున్నది ఏ దిక్కోనివో. మల్ల కాదంటవు?”

వచ్చినాయన తడబడ్డాడు. తాను కారు సంగతి మాట్లాడటానికే వచ్చానన్నాడు. ఎత్తు మీద ఆగినప్పుడు పెట్రోలు వాసన గుప్పుమంటుందా అని స్వామిదాసును అడిగాడు. కంపెనీ ఇంజినీరును తాను కూడా కలవాలని, చేవెళ్ళ దాకా ఎక్కించుకోమని బతిమాలాడు.

 పెట్రోలు వాసన మాట పేపర్లో రాలేదు. దాన్ని స్వామిదాసు చెప్పింది కంపెనీకి ఒక్కదానికే.

సంగయ్య అతని వైపు వంగి గొంతు తగ్గించాడు.

“కంపెనోడే తమ్మీ. దారిల మనమేం మాట్లాడుకుంటమో విననీకి ముందుగాల పంపిండ్రు.”

“తలుపు ఇడువుండ్రి సారు,” అన్నాడు స్వామిదాసు.

“ఒక్క మాట వినండి. నా కారు...”

ఆ మాట పూర్తి కాలేదు. హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్ళు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకడు ఆయన సంచి పట్టి గుంజాడు.

“వెళ్ళొస్తానండీ అనుండ్రి,” అన్నాడు ఇంకొకడు, ఆయన యాసను వెక్కిరిస్తూ.

అందరూ నవ్వారు.

ఎవరూ చెయ్యి చేసుకోలేదు. చేసుకుంటారేమోనని ఆయనే తలుపు వదిలేశాడు.

చేవెళ్ళ బంగళా ముందు జీపు సిద్ధంగా ఉంది. ఇంజినీరు మాటలు పెంచకుండా కారెక్కి తానే నడిపాడు; జీపు వెనకే వచ్చింది. ఊరవతల ఎత్తు మీద కారు ఆగిపోయింది. ఆయన దిగి, ఇంజను మూత ఎత్తి, పెట్రోలు గొట్టాన్ని తడిమి చూశాడు.

స్వామిదాసు లోలోపల ప్రార్థన చేసుకుంటున్నాడు.

“ఆగింది. నా కళ్ళతో చూసిన,” అన్నాడు ఇంజినీరు. “కాని ఒక్క కారు ఆగితే మా కంపెనీ అది డ్రైవర్ తప్పే అంటది. ఇంకొక్కరు వచ్చి, మా కారు కూడ ఇట్లనే ఆగుతున్నదని చెప్పాలె. తయారు చేసిన దగ్గరే తప్పున్నదని అప్పుడు నేనే రాస్త. ఉన్నరా ఎవరన్న?”

“నాకెవరు తెలుసు సారు?”

 స్వామిదాసు ముఖం చూడలేక కాబోలు, ఇంజినీరు తల వంచుకొని, కంపెనీ తప్పు రుజువు కాలేదని కాగితం మీద రాసి సంతకం చేసి జీపెక్కాడు. జీపు వికారాబాద్ దారి పట్టింది.

కారు చల్లారాక ఇద్దరూ వెనక్కి బయలుదేరారు. మొయినాబాద్ చేరేసరికి పొద్దు వాలుతోంది. ముత్తమ్మ అడగకుండానే రెండు చాయ్‌లు తెచ్చిపెట్టింది.

“పొద్దుటి కంపెనోడు పోయిండా అవ్వా?” అన్నాడు సంగయ్య.

“పట్నం బస్సుకు పోయిండు. మీరొస్తరేమోనని చానసేపు గీ బల్ల మీదనే కూసున్నడు. ఎవ్వలు పలకరియ్యకపాయె. నేనే నీళ్ళిచ్చి, ఏం పని మీద వచ్చినవయ్యా అని అడిగిన.”

“ఏమన్నడు?”

ముత్తమ్మ స్వామిదాసు వైపు తిరిగింది.

“కంపెనోడు కాదు బిడ్డా, తెనాలాయన, ఆయన కారు గూడ ఎత్తు మీద గిట్లనే ఆగుతదంట, పేపర్ల నీ గోడు సదివి నీ దిక్కు సాక్ష్యం చెప్పనీకి వచ్చిండంట.”