తాడు కట్టకూడదు

బయలుదేరేటప్పుడు అతని దగ్గర ఉన్నవి ఒక చిన్న పడవ, అతుకులేసిన తెరచాప, మాట వినని కూతురు. లాభం తెచ్చే సరుకు ఒక్కటీ లేదు.

వయసులో ఉన్నంతకాలం పడవల మీద ఉప్పు, ఉల్లిపాయలు తిప్పి సంపాదించిన మనిషి. గిట్టుబాటు కాని ప్రయాణం ఏనాడూ పెట్టుకోలేదు. కూతురు పట్టుపట్టింది కాబట్టి ఇది తప్పలేదు.

గాలి ఎడమ నుంచి కొట్టింది. కుడికి తిరిగింది. ఊపిరి తీసుకునేలోపు మళ్లీ ఎడమకు వచ్చింది. ముఖం మీద నీళ్లు చిందాయి. కాళ్లు కదిపే వీల్లేదు. కింద చెక్కలు కిర్రుమంటున్నాయి.

"నాన్నా, ఎదురుగా రాళ్లు. తాడు లాగు."

"లాగుతున్నాను కదే."

"నువ్వు లాగేది మాటలు. తాడు ఉన్నచోటే ఉంది."

తెరచాప బిగిస్తేనే పడవ పక్కకు తిరుగుతుంది. లేకపోతే నేరుగా రాళ్ల మీదికే. ఎడమచేయి చుక్కాని మీద ఉంది. తాడు కుడిచేతిలో ఉంది. ఆ చేయేమో పక్కింటివాళ్లదన్నట్టు పడి ఉంది.

"ఎక్కడైనా కట్టెయ్యవే." మాట సగమే బయటికి వచ్చింది.

"గాలిలో తాడు కడితే పడవ తిరగబడుతుందని నాకు నేర్పిందెవరు? చేత్తోనే పట్టుకోవాలి."

తన సరుకు తనకే అమ్ముతోంది.

"వెనక్కి పోదాం. రేపు చూద్దాం."

"బేరాలు నాతో కాదు, గాలితో ఆడు."

ఆ రాళ్లు అతనికి తెలుసు. ఒకప్పుడు అక్కడే పడవెడు సరుకు నీళ్లపాలైంది. అప్పుడు ఒళ్లు మాట వినేది, ఈదుకుంటూ బయటపడ్డాడు. ఇప్పుడు దూకే దారి కూడా లేదు. పైగా పడవలో కూతురుంది.

పళ్లు బిగించాడు. భుజం నుంచి చేతికి కబురు పంపాడు. అందలేదు. మళ్లీ పంపాడు.

"వచ్చేశాయి నాన్నా. పక్కనే ఉన్నాయి."

తాడు అంగుళం జరిగింది. ఆగింది. ఇంకాస్త జరిగింది. తెరచాప బిగిసింది.

"తప్పాయి" అంది కూతురు. "రాళ్లు తప్పాయి నాన్నా. ఒడ్డుకొచ్చేశాం."

టేబుల్ ఫ్యాను ఆపి, నీళ్ల గ్లాసు పక్కన పెట్టి, కిటికీ ఊచకు కట్టిన దుప్పటి విప్పకుండానే మంచం అంచున కూర్చుని, పక్షవాతం పడిన ఆ చేతిలో తాడు చుట్టూ ముడుచుకున్న వేళ్లను లెక్కపెట్టి, ఆమె వంటగదిలోని తల్లికి కేకేసింది: "అమ్మా, ఇవాళ రెండు."